మాత్రలు చెవులను కాపాడగలవా?



మైపాడు ప్రాంతం నుండి ఒక మాతృమూర్తి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు పగలు రొయ్యల చెరువుల వద్ద డీజిల్ జనరేటర్లు నడుపుతాడు. పెళ్ళిళ్ళ కాలంలో రాత్రివేళ డీజే సౌండ్ బాక్సుల పనికి వెళతాడు. ఇంటికి చేరాక చెవులలో హోరు అంటున్నాడు. విటమిన్లు, మెగ్నీషియం కలిపిన మాత్రలు చెవులకు రక్షణ అనే ప్రకటన ఫోనులో చూసి, వాటిని తెప్పించమని కోరుతున్నాడు. “కొనమంటారా?” అన్నది ఆ తల్లి ప్రశ్న. మేము వైద్యులము కాము. అయినను ఈ విషయంపై తెలియవచ్చినంతలో సమాధానం చెప్పుట మా బాధ్యతగా భావిస్తున్నాము.

లోపలి చెవిలో నత్తగుల్లను పోలిన ఒక భాగం ఉంది. అందులో సుమారు 15 వేల సున్నితమైన కణాలు ఉంటాయి. వాటి కొనలు సన్నని రోమాల వలె ఉంటాయి. ధ్వని తరంగాలకు అవి కదలగా, ఆ కదలిక నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. మితిమీరిన శబ్దం వాటిని అలసట పాలు చేస్తుంది. వాటి చుట్టూ రక్తప్రసరణ తగ్గుతుంది, హానికరమైన రసాయన అణువులు పోగవుతాయి. తుదకు కణాలు మరణిస్తాయి. కోడిపిల్లకు ఈ కణాలు తిరిగి మొలుస్తాయి, మనిషికి మొలవవు. పోయిన వినికిడి తిరిగి రాదనుటకు కారణం ఇదే.

ఆ హానికరమైన అణువులను అణచగల శక్తి ఎ, సి, ఇ విటమిన్లకు ఉన్నందున పరిశోధకులు వాటిపై దృష్టి సారించారు. 2007లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గినీ పందులకు ఈ విటమిన్లను మెగ్నీషియంతో కలిపి ఇవ్వగా వినికిడి నష్టం తగ్గింది. అంతకు మునుపు, 1994లో, ఇజ్రాయెల్ సైనిక శిక్షణలోని 300 మంది యువకులపై జరిగిన పరిశీలన ప్రకటితమైంది. రెండు నెలలపాటు రోజుకు 167 మిల్లీగ్రాముల మెగ్నీషియం తీసుకున్నవారిలో నష్టం తక్కువగా కనబడింది. ప్రకటనకర్తలు ఇంతవరకే చెబుతారు. ఆ యువకులు తుపాకుల మోత నడుమ ఇయర్ ప్లగ్గులు కూడా ధరించి ఉన్నారన్న మాట చెప్పరు. తరువాత మనుషులపై జరిగిన ఇతర పరీక్షలలో విటమిన్ల మిశ్రమం నిలకడైన రక్షణ చూపలేదు. శబ్దం వలన కలిగే చెవుడును నివారించుటకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఏ మందునూ ఆమోదించలేదు.

మాత్రలు నిరపాయమని అనుకొనుట కూడ సరికాదు. విటమిన్ ఎ మోతాదు మించితే కాలేయానికి హాని. గర్భిణి తీసుకుంటే శిశువుకు ప్రమాదం. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి మెగ్నీషియం మాత్రలు వైద్యుని అనుమతి లేనిదే తగవు. రాగులు, నువ్వులు, వేరుశనగలు, ఆకుకూరలు మెగ్నీషియానికి మంచి ఆధారాలు. అవి దేహానికి పోషణనిస్తాయి. అయితే మోతను ఆపే శక్తి వాటికి లేదు.

శబ్దానికి ఒక లెక్క ఉంది. 85 డెసిబెళ్ళ శబ్దంలో రోజుకు 8 గంటలు హద్దు అని నిపుణులు నిర్ణయించారు. ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకూ ఆ కాలం సగమవుతుంది. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు, 100 వద్ద 15 నిమిషాలు మాత్రమే. కొలిచే సాధనం లేనివారికి ఒక సులభమైన గుర్తు ఉంది: చేయి చాపినంత దూరంలోని మనిషితో అరచి మాట్లాడవలసి వస్తే ఆ చోటు చెవికి ప్రమాదకరం. జనరేటర్ షెడ్డులోనూ, మరబోటు ఇంజను పక్కనా, బరాత్‌లో స్పీకర్ల ముందరా పరిస్థితి ఇదే.

ఈ నష్టం తొలుత సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను హరిస్తుంది. మాటలు వినబడుతూనే ఉంటాయి, అక్షరాలు మాత్రం చెదరిపోతాయి. సీన్, సాద్ అక్షరాల భేదాన్ని విద్యార్థి చెవితోనే పట్టుకుంటాడు. ఆ భేదం వినబడని బాలునికి ఉచ్చారణ నేర్పుట ఎంత కష్టమో బోధకులమైన మాకు తెలుసు. చంటిబిడ్డలను ఎత్తుకొని స్పీకర్ల ముందు నిలబడే తల్లిదండ్రులు దీనిని ఆలోచించాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్ స్పీకర్లను సాధారణంగా నిషేధించాయి. ఇది పెళ్ళివారికే కాదు, ధార్మిక సభలు నిర్వహించే మనకూ వర్తిస్తుంది.

అమ్మా, మీరు మాత్రలకై దాచిన సొమ్ముతో మొదట మంచి ఇయర్ ప్లగ్గులు గాని, చెవులను పూర్తిగా కప్పే ఇయర్ మఫ్ గాని కొనండి. చెవిలో దూది పెట్టుకొనుట చాలదు. జనరేటర్ నడిచేటప్పుడు అబ్బాయి అవసరమైనంతసేపే షెడ్డులో ఉండాలి. యజమానితో మాట్లాడి కాపలా మంచాన్ని దూరంగా వేయించండి. పగలంతా మోతలో గడిపిన చెవులకు రాత్రి నిశ్శబ్దం కావాలి కనుక సౌండ్ బాక్సుల పనిని మానిపించుట మేలు. ఆ ఆదాయం లేనిదే ఇల్లు గడవదంటే, అక్కడ కూడ చెవులకు రక్షణ తప్పనిసరి. హోరు ఇప్పటికే మొదలైనందున ఆలస్యం చేయక చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించి ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి. ఎప్పుడైనా ఒక చెవి అకస్మాత్తుగా వినబడకపోతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

వినికిడి అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. మీ కుమారుని చెవులను ఆయన కాపాడుగాక. ఆమీన్.