పొడుగాటి గొట్టం పొగను కడగదు

పిల్లలూ! ఇల్లు ఊడ్చిన చెత్తను గోడమీదుగా పొరుగువారి పెరట్లోకి విసిరేస్తే మన ఇల్లు శుభ్రంగానే కనిపిస్తుంది. కాని చెత్త పోయినట్లేనా? రామగుండంలోనో, కొత్తగూడెంలోనో థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టాన్ని చూసినప్పుడు ఈ ప్రశ్నే వేసుకోవాలి.

బొగ్గులో కొంచెం గంధకం ఉంటుంది. బొగ్గు మండినపుడు అది ఆక్సిజన్‌తో కలిసి సల్ఫర్ డయాక్సైడు అనే ఘాటైన వాయువవుతుంది. ఇది ఊపిరితిత్తులకు హానికరం. గాలిలో ఇది ఆమ్లంగానూ, కంటికి కనిపించని సల్ఫేటు రేణువులుగానూ మారి, వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది.

“మన బొగ్గులో గంధకం అరశాతమే కదా!” అంటారు కొందరు. లెక్క వేద్దాం. వెయ్యి టన్నుల బొగ్గులో అరశాతమంటే 5 టన్నుల గంధకం. అంతే బరువు ఆక్సిజన్ కలిసి అది 10 టన్నుల వాయువవుతుంది. 500 మెగావాట్ల యూనిట్ పూర్తిగా పనిచేస్తే రోజుకు సుమారు 7 వేల టన్నుల బొగ్గు కావాలి. బూడిదలో కొంత గంధకం నిలిచిపోయినా, రోజూ పదుల టన్నుల వాయువు వెలువడుతుందన్నమాట!

దీన్ని పట్టే ఉపాయం పాతదే. లండన్‌లోని బాటర్‌సీ విద్యుత్కేంద్రంలో 1930లలోనే పొగను థేమ్స్ నది నీటితో కడిగేవారు. ఇప్పుడు సున్నపురాయి పొడిని నీళ్లలో కలిపి పొగలోకి చిమ్ముతారు. ఆ వాయువులో 90 శాతానికి పైగా సున్నపురాయితో కలిసిపోయి, చివరకు జిప్సంగా మారుతుంది. అది సిమెంటు తయారీకి పనికివస్తుంది.

1952లో లండన్‌ను కమ్మిన విషపు పొగమంచు వేలమందిని బలిగొంది. ఆ తరువాత బ్రిటన్‌లో విద్యుత్కేంద్రాలకు మరింత ఎత్తయిన గొట్టాలు కట్టారు. ఊళ్లలో గాలి కొంత తేటపడింది. కాని ఆమ్లం సముద్రం దాటి నార్వే, స్వీడన్ సరస్సుల్లో కురిసింది. చేపలు చచ్చిపోయాయి.

మన దేశంలో 2015లో ఈ వాయువుకు పరిమితి విధించారు. గడువులు పెరుగుతూ వచ్చాయి. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం చాలా కేంద్రాలకు మినహాయింపునిచ్చి, గొట్టం తగినంత ఎత్తుంటే చాలునన్నది. పెద్ద నగరాలకు 10 కిలోమీటర్ల లోపల ఉన్నవి మాత్రం పరిమితిని పాటించాలి.

పొగను కడగడానికి ఖర్చవుతుంది. నీరూ, కరెంటూ కావాలి. సున్నపురాయి నుంచి కొంత కార్బన్ డయాక్సైడూ వస్తుంది. ఇవన్నీ నిజాలే. కాని యంత్రం ఖరీదు కరెంటు బిల్లులో కనిపిస్తుంది. దగ్గుకూ, ఆయాసానికీ అయ్యే ఖర్చు ఏ బిల్లులోనూ కనిపించదు. పైగా నగరవాసి ఊపిరికి ఒక న్యాయం, పల్లెవాసి ఊపిరికి మరో న్యాయమా?

కనుక ఎక్కడైనా పొగగొట్టం కనిపిస్తే, దాని ఎత్తు అడిగి ఊరుకోకండి. “పొగను కడిగి వదులుతున్నారా?” అని కూడా అడగండి.