అయ్య పోయాక కొట్టెవరిది?

భూమి గురించి రాశాం, కూలి గురించి రాశాం, రిజర్వేషన్ల గురించి ఎన్నోసార్లు రాశాం. కొట్టు గురించి ఎప్పుడైనా రాశామా? మనోళ్ళకు కొట్లెక్కడివి అనే రోజులు పోయాయి. చెప్పుల షాపులున్నాయి, షామియానా సామాను అద్దెకిచ్చేవాళ్ళున్నారు, వెల్డింగు షెడ్లు, జిరాక్సు బడ్డీలు ఉన్నాయి. ఒక తరం చెమటోడ్చి నిలబెట్టిన ఈ కొట్లు రెండో తరం దాకా వస్తున్నాయా?

మా మండల కేంద్రంలో ఒక పెద్దాయన ఉండేవాడు. మాకు బాబాయి వరస. వేపచెట్టు కింద గోనెపట్టా పరుచుకుని చెప్పులు కుట్టడంతో మొదలుపెట్టి బడ్డీకి, బడ్డీ నుంచి బజార్లో గదికి ఎక్కాడు. ముప్పై ఏళ్ళు పట్టింది. ఒకరాత్రి గుండెనొప్పితో పోయాడు. పెద్దదినం కాకముందే గది యజమాని కబురంపాడు: "అగ్రిమెంటు మీ నాయనతో, మీతో కాదు." లక్ష రూపాయల అడ్వాన్సుకు రసీదు లేదు, నోటిమాట మీద ఇచ్చిందే. బ్యాంకులో కరెంటు ఖాతా ఆగిపోయింది, నామినీ గడి ఖాళీ. జీఎస్టీ నంబరు చనిపోయినాయన పేరు మీదుంది. హోల్‌సేలు షావుకారు పాతబాకీ తీరిస్తేనే కొత్త సరుకన్నాడు. పెద్దకొడుకు పన్నెండేళ్ళు ఆ గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నాడు. ఏ కాగితం మీదా వాడి పేరు లేదు. ఇవాళ అదే బజార్లో వేరేవాళ్ళ షాపులో నెలజీతానికి చెప్పులమ్ముతున్నాడు. చదువుకున్నోళ్ళం, పక్కనే ఉన్నోళ్ళం, మేమేం చేశాం? పెద్దదినానికి పోయి భోంచేసి వచ్చాం.

ఆ కుర్రాణ్ణి అడిగితే ఏమన్నాడో తెలుసా? "కొట్టు నా పేరున మారిస్తే లక్షల్లో పన్ను పడుద్దని ఎవరో చెప్పారంట సార్, నాయన భయపడ్డాడు."

పచ్చి అబద్ధం. ఈ దేశంలో చచ్చినోడి ఆస్తి వారసులకు వస్తే పన్ను లేదు. 1953లో ఎస్టేట్ డ్యూటీ అని ఒకటి వచ్చింది. బాగా పెద్ద ఆస్తుల మీద అది 85 శాతం దాకా పోయింది. 1985లో ఎత్తేశారు. ఎవరికోసం ఎత్తేశారు? చెప్పులు కుట్టేవాడి కోసమా? 2024 ఎన్నికల్లో వారసత్వ పన్ను మాట లేస్తే మన పల్లెల్లో కూడా "గుడిసెక్కూడా పన్నంట" అని బెదిరిపోయారు. పెద్దోళ్ళ భయాన్ని మనమెందుకు మొయ్యాలి? పెద్ద ఎస్టేట్ల మీద ఆ పన్ను మళ్ళీ రావాలనే మేమంటాం. దాంతో మన బడ్డీకొట్టుకు వచ్చే నష్టమేమీ లేదు.

బతికుండగానే తండ్రి కొడుక్కో కూతురికో ఇస్తే? దానిమీదా పుచ్చుకున్నవాళ్ళకు ఆదాయపు పన్ను పడదు. బయటివాళ్ళు ఏడాదిలో 50,000 రూపాయలు దాటి ఇస్తేనే పడేది. అయితే ఒక మెలిక ఉంది. కొట్టు భార్య పేరున పెడితే పన్ను తగ్గుద్దని కొందరు గుమాస్తాలు సలహా చెప్తుంటారు. తగ్గదు. భర్త ఉత్తినే ఇచ్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయాన్ని మళ్ళీ భర్త లెక్కలోనే కలుపుతారు. పద్దెనిమిది నిండిన కొడుక్కో కూతురికో ఇస్తే అలా కలపరు.

ఇంకో సలహా కూడా వింటుంటాం, తండ్రీకొడుకులు భాగస్వామ్యం రాసుకోమని. పెద్ద వ్యాపారమైతే సరే. చిన్నకొట్టుకు అది బరువు. మనిషికైతే కొంత ఆదాయం దాకా పన్నుండదు. ఫర్మ్‌కు ఆ వెసులుబాటు లేదు. భాగస్వాముల జీతాలు, వడ్డీ చట్టం ఒప్పుకున్నంత తీసేశాక మిగిలిన లాభంలో మొదటి రూపాయి నుంచే 30 శాతం. పైగా ఇద్దరే భాగస్వాములై ఒకరు పోతే ఫర్మే ఉండదు. రాసుకునేదుంటే తల్లినో చెల్లెల్నో మూడోమనిషిగా పెట్టి, ఒకరు పోయినా ఫర్మ్ నడుస్తుందని పత్రంలో రాయించాలి.

చిన్నకొట్టుకు వీలునామా చాలు అని మా అభిప్రాయం. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. పెద్దాయన సంతకమో వేలిముద్రో వేస్తుండగా చూసిన ఇద్దరు సాక్షులు ఆయన ముందే సంతకాలు పెట్టాలి. వాటా వచ్చేవాళ్ళను సాక్షులుగా పెట్టకండి. జీఎస్టీ నంబరు మాత్రం వీలునామాతో రాదు. వారసుడు తన పేరున కొత్తది తీసుకోవాలి. తండ్రి ఖాతాలో మిగిలిన పన్ను జమను ఐటీసీ-02 ఫారంతో మార్పించుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక ఆ సొమ్ము వదిలేస్తున్నారు. తండ్రి పడ్డ జీఎస్టీ బాకీ కూడా కొట్టు నడిపేవాడి మీదికొస్తుంది, మరచిపోవద్దు. ఆదాయపు పన్ను బాకీ అయితే వచ్చిన ఆస్తి మేరకే.

ఇక ఆడపిల్లల మాట. వీలునామా లేకుండా పోతే హిందూ వారసత్వ చట్టం కిందికొచ్చే మగమనిషి స్వార్జితంలో భార్యకు, తల్లికి, ఒక్కో కొడుక్కి, ఒక్కో కూతురికి సమాన వాటా. పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కు మన రాష్ట్రం 1986లోనే ఇచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. "కట్నమిచ్చి పంపాం గదా" అని అన్నలు చెల్లెళ్ళ చేత ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవడం మన వాడల్లోనూ చూస్తున్నాం. దొరలు మనల్ని చేసిందే మనం మన చెల్లెళ్ళను చెయ్యడం కాదా? కొట్టు నడిపేవాడికి కొట్టు రాసి, కూతురికి ఇంటిస్థలమో రొక్కమో రాయండి. కాగితం మీద రాయండి.

పన్నుల సంగతి మనకెందుకు అనేవాళ్ళకు ఒకమాట. 1925లో బాబాసాహెబ్ అచ్చువేసిన పెద్దపుస్తకం బ్రిటిషు ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ గురించే. సర్కారు పన్ను ఎట్లా వసూలుచేసి ఎవరికి పంచుతుందో లెక్కలేసి చూపించాడు.

ఆదివారం పొద్దున బడి అరుగు మీద మేం కూర్చుంటాం. గది అగ్రిమెంటు, అడ్వాన్సు రసీదు, బ్యాంకు పుస్తకం, జీఎస్టీ కాగితం ఉంటే అదీ పట్టుకు రండి. రసీదు లేనివాళ్ళు ముందు గది యజమాని దగ్గరికి పొండి. ఆయన బతికుండగా, మీరు బతికుండగా రాయించుకోండి. ఇంట్లో ఆడవాళ్ళను కూడా తీసుకురండి.