స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎంత దూరం?

ముంబై కోస్టల్ రోడ్డు మొదటి భాగం 2024 మార్చిలో తెరిచారు. మెరైన్ డ్రైవ్ వైపు నుంచి వర్లీలో సీ లింక్ దాకా 10.58 కిలోమీటర్ల రోడ్డు. దూరం దగ్గరయిందని కార్లున్నవాళ్లు సంతోషించారు. ఆ సంతోషాన్ని మేము తప్పుపట్టడం లేదు. మేము మాట్లాడదలచుకున్నది ఆ రోడ్డులో కట్టకుండా వదిలేసిన ఒక స్తంభం గురించి.

వర్లీ కోలీవాడ జాలరుల పడవలు క్లీవ్‌లాండ్ బందర్ నుంచి సముద్రంలోకి వెళ్తాయి. ఆ దారి మీదుగా వంతెన వేస్తూ స్తంభాల మధ్య 60 మీటర్లు వదిలారు. చిన్న పడవకు 60 మీటర్లు చాలదా అని మనకూ అనిపిస్తుంది. కాగితం మీద చాలుతుంది. నీళ్లలో అడుగున రాళ్లున్నాయి. గాలి పడవను పక్కకు నెడుతుంది, అల దాన్ని స్తంభం మీదికి తోస్తుంది. ఎదురుగా ఇంకో పడవ వస్తే తప్పుకోవాలి. తరతరాలుగా ఆ నీళ్లలో బతికినవాళ్లు ఈ మాట చెప్తే, అది సాంకేతిక విషయం, మీకు తెలియదన్నట్టు జవాబొచ్చింది. 2021లో వాళ్లు పడవలతో వెళ్లి సముద్రంలో పని ఆపించారు. చివరికి 2022 ఆఖర్లో ప్రభుత్వం దిగివచ్చింది. మధ్యలో ఒక స్తంభం తీసేసి దూరాన్ని 120 మీటర్లు చేసింది. అక్కడ విల్లులా వంగిన ఉక్కు వంతెన పెట్టారు. జాలరులు అడిగింది అంతకంటే ఎక్కువే, పూర్తిగా దక్కలేదు. కానీ మార్చడం కుదరదన్న డిజైన్ మారింది.

కొత్త ఇల్లు కడితే మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టమని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చెప్తుంది. కిందపడ్డవాడు జాగ్రత్తగా లేడని అది వదిలేయలేదు, లెక్క కట్టినవాడిని అడిగింది. మన రోడ్ల మీద మాత్రం ఎవరు చనిపోయినా ముందు వినిపించేది నిర్లక్ష్యంగా దాటాడనే మాట.

ఇంకో సంగతి. ఆ కోస్టల్ రోడ్డు మీదికి బెస్టు బస్సులను రానిస్తారు గానీ ఆటోలను, బైకులను రానివ్వరు. బొంబాయిలో కామాఠిపురా పేరు అక్కడ చేరిన తెలుగు కూలీలను బట్టి వచ్చింది. ఆ నగరం రోడ్లకూ భవనాలకూ రాళ్లు మోసినవాళ్లు వాళ్లు. వాళ్ల మనవళ్లలో కారున్నవాళ్లు ఎందరో మన సంఘాల్లో లెక్క చూసుకుంటే తెలుస్తుంది.

ముంబై గొడవ మనకెందుకని బరంపురం, యానాం పాఠకులు అనుకోవచ్చు. ఒడిశాలో గోపాల్‌పూర్ నుంచి బెంగాల్‌లోని దిఘా దాకా తీర రహదారి తలపెట్టారు. గోపాల్‌పూర్‌లోనూ, పూరీ పెంఠకటాలోనూ ఇంట్లో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలున్నాయి. తీరం వెంట రోడ్డు వేస్తే కట్ట ఎత్తు చేస్తారు. తుపాను వానకు పైనుంచి వచ్చే నీరు సముద్రంలోకి పోవాలి. దారిలో చాలినన్ని తూములు లేకపోతే ఆ రోడ్డే ఆనకట్ట అవుతుంది, నీరు ఇళ్లలో నిలుస్తుంది. తూములు ఎన్ని, ఎంత వెడల్పు, ఎక్కడ అన్నవి మన గడప తడుస్తుందా లేదా అని తేల్చే ప్రశ్నలు. పిల్లలు బడికి రోడ్డు ఎలా దాటుతారు, వల మోసుకెళ్లేవాడికి కింద దారి ఉందా అన్నవి కూడా అలాంటివే. గోదావరి వరద చూసిన యానాం వాళ్లకు ఇది మేము చెప్పనక్కర్లేదు.

2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రాజెక్టులకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ కలెక్టర్ కార్యాలయంలో దొరకాలి. (కొత్తగా భూమి తీసుకోకుండా వెడల్పు చేసే రోడ్లకు ఈ సభే అక్కర్లేదన్నారు. ఆ మినహాయింపు మాకు నచ్చలేదు.) స్థానిక భాష అంటే ఒడిశాలో ఒడియా, మహారాష్ట్రలో మరాఠీ, తమిళనాడులో తమిళం. మన పెద్దల్లో చాలామందికి ఆ లిపి రాదు. ఆ భాషల్లో చదువుకున్నది మన యువతే. ఇంట్లో తెలుగు రాయడం రాదని మనం వాళ్లను ఎన్నోసార్లు చిన్నబుచ్చాం. ఇప్పుడు అవసరమైంది వాళ్ల ఒడియా, వాళ్ల మరాఠీ.

యువజన కూటమి జరిగే ఒక శనివారం సాయంత్రం ఆ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించండి. సంఘానికి రాని పొరుగువాళ్లనూ పిలవండి, నీళ్లు ఎవరి గడపా చూసి రావు. సభకు వెళ్లేటప్పుడు పడవ నడిపే మనిషిని వెంట తీసుకెళ్లండి. ఆయన్ను తెలుగులోనే చెప్పనివ్వండి, మీరు పక్కన నిలబడి అధికారుల భాషలోకి మార్చండి. చివర్లో సభలో వచ్చిన అభిప్రాయాలను స్థానిక భాషలో చదివి వినిపించాలని నిబంధన ఉంది. భోజనానికి తొందరపడి ముందే లేచిరాకండి. ఆయన చెప్పిన మాట అందులో ఎక్కిందో లేదో విని, ఎక్కకపోతే అక్కడే చెయ్యెత్తండి.