విరిగిన బల్ల



సాయంకాలం ఇండ్లు దర్శించేటప్పుడు మాకు తరచుగా వినబడే మాట ఒకటున్నది. "అయ్యగారూ, ఈ పిల్ల ఒక్క క్షణం కుదురుగా కూర్చోదండీ. ఎప్పుడు చూసినా గంతులే. మీరైనా కాస్త బుద్ధి చెప్పండి" అని తల్లి అంటుంది. ఆ పిల్ల తలుపు చాటున నిలబడి మావైపు బెదురుగా చూస్తుంది. మేము కూడ "అమ్మ మాట వినాలి తల్లీ" అని ఒక ముక్క అనేసి, ఇచ్చిన టీ తాగి లేచి వస్తాము. అలాటి పిల్ల ఒకతె అమెరికా దేశంలో ఏమైనదో ఈ నెల మీతో చెప్పాలనుకున్నాము.

ఆమె పేరు చీటా రివేరా. న్యూయార్కు నగరంలోని బ్రాడ్వే నాటకశాలల్లో అరవై ఏండ్లకు పైగా ఆడి, పాడి, నటించిన స్త్రీ. నాట్యకత్తె కథ సంఘ పత్రికలో ఎందుకని పెద్దలు కొందరు అడుగవచ్చును. ఆమె వేసిన వేషాలన్నీ మన పిల్లలకు చూపదగినవని మేము చెప్పడం లేదు. ఆమె పని నేర్చిన తీరు, దెబ్బ తగిలినప్పుడు నిలిచిన తీరు మాత్రం చూడండి అంటున్నాము.

చీటా 1933 జనవరి 23న వాషింగ్టన్ నగరంలో పుట్టింది. తలిదండ్రులు పెట్టిన పేరు డొలోరెస్ కొంచీటా ఫిగెరోవా దెల్ రివేరో. తండ్రి పోర్టోరికో దీవి నుండి వచ్చినవాడు. నౌకాదళపు వాద్య బృందంలో వాయిద్యకారుడు. చీటాకు ఏడేండ్ల వయసులో ఆయన చనిపోయాడు. ఇంట్లో ఐదుగురు పిల్లలు. తల్లి కాథరీన్ కన్నీళ్లు తుడుచుకొని ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగానికి వెళ్లింది.

చీటా కుదురులేని పిల్ల. ఒకనాడు ఇంట్లో ఎగిరి దూకుతూ కాఫీ బల్లను విరగగొట్టింది. విధవరాలి ఇంట్లో విరిగిన బల్లంటే చిన్న నష్టం కాదు. ఆ తల్లి కోప్పడిందో లేదో గాని, తరువాత చేసిన పని మాత్రం లోకానికి తెలుసు. ఈ పిల్ల ఒంట్లో ఉన్న చురుకుకు ఒక దారి చూపాలని తలంచి, ఆమెను నాట్య పాఠశాలలో చేర్పించింది.

ఆ పాఠశాల సంగతి కూడ చెప్పుకోవాలి. ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లలకు బాలే నాట్యం నేర్పేవారు అరుదు. తెల్లవారి పాఠశాలల తలుపులు వారికి మూసి ఉండేవి. అందుచేత డోరిస్ జోన్స్, క్లెయిర్ హేవుడ్ అనే ఇద్దరు నల్లజాతి ఉపాధ్యాయినులు 1941లో తామే ఒక పాఠశాల తెరిచారు. బాలే అంటే కాలి మునివేళ్ల మీద నిలిచి చేసే నాట్యం. ఏండ్ల తరబడి రోజూ అవే అడుగులు, అవే వంపులు. గంతులు వేసే పిల్లకు మొదట నేర్పేది కదలకుండా నిలబడటమే! చీటా ఒంట్లోని చురుకును వారు అణచివేయలేదు. దానికి క్రమం నేర్పారు.

పదిహేను, పదహారేండ్ల ప్రాయంలో డోరిస్ జోన్స్ ఆమెను న్యూయార్కులోని ప్రసిద్ధ బాలే పాఠశాల ఎంపిక పరీక్షకు పంపింది. ఆ పాఠశాలను నడిపేవాడు రష్యాలో పుట్టిన జార్జి బాలంషీన్. అమెరికా బాలేకు ఆయనే పెద్ద దిక్కు. పరీక్ష జరుగుతుండగా చీటా కాలి బొబ్బ చిదిగి నెత్తురు వచ్చింది. ఆమె ఆగలేదు. చివరికి బాలంషీన్ అది చూసి, తన చేతులతోనే కట్టు కట్టాడు. ఆమెకు ఉపకార వేతనంతో చోటు దొరికింది.

1952లో ఆమె ఒక స్నేహితురాలికి తోడుగా నాటక కంపెనీ ఎంపికకు వెళ్లింది. తాను ఎంపిక కావాలని వెళ్లలేదు, తోడుగా వెళ్లింది. పని మాత్రం ఆమెకే దొరికింది. ఆ విధంగా బాలే విడిచి సంగీత నాటకాలలోకి వచ్చింది.

బ్రాడ్వే అనేది నిజానికి ఒక వీధి పేరు. దాని చుట్టుపట్ల నలభై దాకా పెద్ద నాటకశాలలు ఉన్నవి. అక్కడ ఒక నాటకం మొదలైతే వారానికి ఎనిమిది ఆటలు. సినిమాలోవలె తప్పు జరిగితే మళ్లీ తీసే వీలు లేదు. జ్వరమైనా, దుఃఖమైనా తెర లేచే వేళకు వేషం కట్టి నిలబడాలి. నాట్యం చేస్తూనే పాడాలి. పాడుతూ ఆయాసం కనబడనీయరాదు.

చీటా మొదట గుంపులో ఒకతెగా ఆడింది. 1957లో వచ్చిన 'వెస్ట్ సైడ్ స్టోరీ' నాటకంలో అనీటా అనే వేషంతో ఆమె పేరు మారుమ్రోగింది. అది న్యూయార్కు వీధుల్లో పోర్టోరికో నుండి వలస వచ్చిన యువకులకు, స్థానిక యువకులకు జరిగిన పోరు కథ. అంటే ఆమె తండ్రి జనుల కథ. మరుసటి ఏడు అదే నాటకాన్ని లండనులో ఆడవలసి వచ్చినప్పుడు చీటా గర్భవతి. ఆమె ప్రసవించి లేచేదాకా లండను ప్రదర్శనను వాయిదా వేశారు. ఆమె స్థానంలో మరొకరిని పెట్టుకోవడం సులభమే. కాని ఆమె పనితనమంటే వారికి అంత విలువ.

ఇక్కడ ఒక చేదు సంగతి. 1961లో ఆ నాటకం సినిమాగా వచ్చినప్పుడు అనీటా వేషం రీటా మొరీనోకు ఇచ్చారు. ఆమె దానికి ఆస్కార్ బహుమానం పొందింది. 1960లో చీటా 'బై బై బర్డీ' నాటకంలో ముఖ్య వేషం వేసింది. 1963లో అది సినిమా అయినప్పుడు ఆ వేషం జానెట్ లీకి పోయింది. 1975లో 'షికాగో' నాటకంలో ప్రఖ్యాత నటి గ్వెన్ వెర్డన్ సరసన వెల్మా అనే వేషం చీటాయే మొదట వేసింది. 2002లో సినిమా వచ్చింది. ఆ వేషం కాథరీన్ జీటా జోన్స్‌ది, ఆస్కార్ కూడ ఆమెదే. చీటా ఆ సినిమాలో కొద్ది క్షణాలు మాత్రమే కనబడింది.

మూడు పర్యాయాలు విత్తింది ఒకరు, కోసింది వేరొకరు! మన పల్లెలో అన్నదమ్ముల మధ్య ఒక సెంటు గట్టు జరిగితే ఎన్ని సంవత్సరాలు మాటలుండవో మీకు తెలుసు. చీటా, రీటా మాత్రం స్నేహితురాండ్రుగానే ఉన్నారు. చీటా ప్రతిసారి మరుసటి నాటకానికి వెళ్లి సాధన మొదలుపెట్టింది. 1984లో 'ది రింక్' అనే నాటకానికి బ్రాడ్వేలో మిక్కిలి గౌరవమైన టోనీ బహుమానం ఆమెకు మొదటిసారి వచ్చింది. అప్పటికి ఆమెకు యాభై ఒకటి.

రెండేండ్లు గడిచాయి. 1986 ఏప్రిల్‌లో న్యూయార్కు వీధిలో ఆమె కారు, ఒక టాక్సీ ఢీకొన్నాయి. ఎడమ కాలు పన్నెండు చోట్ల విరిగింది. వైద్యులు స్క్రూలు బిగించి ఎముకలను కూర్చారు. యాభై మూడేండ్ల నాట్యకత్తెకు ఇది సంభవిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? కథ ముగిసిందనుకుంటారు.

అయితే చిన్ననాట జోన్స్ గారి పాఠశాలలో నేర్చినది ఇప్పుడు అక్కరకు వచ్చింది. నొప్పి ఉన్నా ఈ రోజు అడుగు ఈ రోజే వేయడం, రేపు మళ్లీ అదే వేయడం ఆమెకు కొత్త కాదు. పసిబిడ్డవలె నడక నుండి మొదలుపెట్టింది. 1988 నాటికి 'కాన్-కాన్' నాటకంతో ఊరూరా తిరిగి ఆడుతున్నది. పూర్వంవలె కాలు ఎగరవేయలేకపోతే, చేతులతో, చూపుతో, నిలుచున్న తీరుతో ఆ లోటు పూడ్చుకున్నది. 1993లో 'కిస్ ఆఫ్ ది స్పైడర్ వుమన్' నాటకంలో ఆడి రెండవసారి టోనీ బహుమానం అందుకొన్నది. అప్పుడు ఆమెకు అరవై ఏండ్లు. మన ఇండ్లల్లో ఆ వయసు వచ్చినవారిని "మీకెందుకు, ఒక మూల కూర్చోండి" అంటాము కదా!

2009లో అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆమెకు ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చాడు. 2015లో ఎనభై రెండేండ్ల వయసులో ఆమె 'ది విజిట్' అనే నాటకంలో ముఖ్య వేషం వేసింది. ఆ కథలోని స్త్రీకి ఒక కాలు కొయ్యకాలు. నిజంగా కాలు విరిగి లేచిన మనిషి కొయ్యకాలి మనిషి వేషంలో బ్రాడ్వే మీద నిలబడింది. 2024 జనవరి 30న, తొంభై ఒక్క ఏండ్ల వయసులో చీటా మరణించింది. బ్రాడ్వే నాటకశాలలు ఆమె గౌరవార్థం దీపాలు తగ్గించాయి.

చదువరులారా, ఈ కథ చదివిన తరువాత మాకు సిగ్గు కలిగిన మాట ఒకటి చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రితం మా చిన్నమ్మాయి ఇంట్లో గిరగిర తిరుగుతూ మంచినీళ్ల కుండ పగులగొట్టింది. మేము కొట్టాము. కుండ వెల ఎంతో మాకు తెలుసు. ఆ పిల్ల ఎందుకు తిరుగుతున్నదో మేము అడుగలేదు. ఆనాటి నుండి పిల్ల కుదురుగానే కూర్చుంటున్నది. అది మేము సాధించిన విజయమని చాలాకాలం అనుకున్నాము. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ప్రతి పిల్లా చీటా కాదు, కానక్కరలేదు. ఒకడు పరుగులో, ఒకతె పాటలో, మరొకడు ఇంట్లోని రేడియో విప్పి చూడటంలో తన తలాంతును బయటపెడతాడు. మొదట అది మనకు అల్లరిగానే, నష్టంగానే కనబడుతుంది. అల్లరిని క్రమంలో పెట్టవలసిందే. క్రమం లేనిదే చీటా లేదు. కాని క్రమం నేర్పడం వేరు, ఆర్పివేయడం వేరు. ఆ విధవరాలికి డబ్బు లేదు, తీరిక లేదు. అయినా విరిగిన బల్లను చూసి ఊరుకోక, విరగగొట్టిన పిల్లను కూడ చూసింది. ఆ చూపు ఖర్చులేనిది.

ఈ సారి ఎవరింటికైనా వెళ్లినప్పుడు, తలుపు చాటున నిలబడిన పిల్లను ముందుకు పిలిచి, "నీకు ఏది చేస్తే సంతోషం తల్లీ?" అని మేము అడుగుదుము. మీరు ఈ సాయంత్రమే మీ ఇంట్లో అడగండి. మొదట మా ఇంట్లో మేమే అడగవలసి ఉన్నది.

వచ్చే నెల మరొక జీవితంతో కలుసుకొందాము.