రాయితీ ఎవరి చేతికి?

తెలంగాణ పర్యాటక విధానం 2025-30 పెద్ద లెక్కలతోనే వచ్చింది. అయిదేళ్లలో రూ.15,000 కోట్ల పెట్టుబడి, 3 లక్షల మందికి ఉపాధి, 27 ప్రత్యేక పర్యాటక ప్రాంతాలు. పెట్టుబడిదారులను రప్పించడానికి ఏ రాష్ట్రమైనా ఇచ్చేవి ఇంచుమించు ఒకటే. వసూలైన జీఎస్టీలో రాష్ట్ర వాటా వాపసు, స్టాంపు డ్యూటీ మినహాయింపు, కరెంటు రాయితీ. హైదరాబాద్ చుట్టుపక్కల ఇవి పనిచేస్తాయి. ఉత్తర తెలంగాణకు వచ్చేసరికి చాలావరకు చేతికందవు.

ఆదిలాబాద్ జిల్లా కెస్లాపూర్‌నే తీసుకోండి. పుష్య అమావాస్య నాగోబా జాతర కోసం మెస్రం వంశీయులు కాలినడకన హస్తినమడుగు వెళ్లి గోదావరి జలం తెస్తారు. నాగోబా గుడిని వాళ్లు సొంత చందాలతో కొత్తగా కట్టుకుని 2022 డిసెంబరులో ప్రారంభించుకున్నారు. ఎవరి రాయితీ కోసమూ ఆగలేదు. ఇది ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనకూడదు, ఆ చట్టం ఉండితీరాలి కూడా. గిరిజనేతరులు కొనలేనిచోట స్టాంపు డ్యూటీ మినహాయింపు ఎవరికి? ఇక పన్ను వాపసు సంగతి. ఏడాదికి రూ.20 లక్షల లోపు వ్యాపారం చేసే సేవలకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. జాతరకొచ్చినవాళ్లకు రెండు గదులిచ్చి జొన్న గటక పెట్టే గోండు కుటుంబం ఆ గీత దరిదాపులకు కూడా రాదు. కట్టని పన్ను వాపసెలా వస్తుంది?

పట్నంలో హోటల్ పెట్టేవారికైనా ఆ వాపసు మునుపటంత లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 దాకా అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. రూ.2,000 గదిపై రాష్ట్ర వాటా రూ.120 నుంచి రూ.50 అయింది. కరీంనగర్‌లో హోటల్ కట్టాలా వద్దా అన్నది ఆ యాభై రూపాయలు తేల్చవు. గదులు నిండుతాయా అన్నదే తేలుస్తుంది. సోమవారం వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించి, కొండగట్టు అంజన్నను చూసుకుని, చీకటిపడేలోపు బస్సెక్కే కుటుంబాలను ఒక్క రాత్రి ఆపగలిగితే చాలు. కరీంనగర్‌లో మానేరు మీద తీగల వంతెన 2023లో తెరిచారు. దగ్గర్లోనే ఎలగందుల కోట ఉంది. ఆ కోట కథ చెప్పడానికి శిక్షణ పొందిన మనిషి, సాయంత్రం తిరుగు బస్సు, శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. ఇవేవీ పన్ను మాఫీతో రావు.

కుంటాల సంగతి ఇంకా కఠినం. వందల మెట్లు దిగి జలపాతం ముందు నిలబడ్డవాళ్లకు ఆ బండల పాకుడు తెలుసు. అక్కడ పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులున్నారు. గట్టి కంచె, నెలజీతం మీద పెట్టిన ఈతగాళ్లు సర్కారు ఖర్చుతో రావాల్సిందే. అందుకే వదులుకునే పన్నును కూడా ఖర్చుగానే చూడాలంటాను.

రిసార్టులు వద్దనను. వాపసు కావాలంటే షరతు పెట్టండి. కేరళలోని కుమరకంలో 2008 నుంచి హోటళ్లు ఊళ్లోని మహిళా సంఘాల దగ్గర కూరగాయలు కొనేలా అక్కడి ప్రభుత్వం కూర్చోబెట్టి మాట్లాడింది. మనకు ఇత్తడి బొమ్మలు పోతపోసే ఉషేగాం ఓజాలున్నారు. మట్టి అచ్చు మీద తేనెమైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన చోటల్లా ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది కాబట్టి ఒకదానిలా ఇంకొకటి ఉండదు. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, కొనేవాళ్లే కావాలి. వాపసు తీసుకునే ప్రతి హోటల్ ఆ బొమ్మలను, ఊరి బియ్యాన్ని, ఊరి పిల్లల పనిని కొని రసీదు చూపాలి.

పన్ను పరిధిలోకి రాని గూడేలకు ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ద్వారా, గ్రామసభ తీర్మానంతో, గదులు బాగుచేసుకోవడానికి నేరుగా గ్రాంటు ఇవ్వాలి. వదులుకున్న పన్ను ఏ జిల్లాలో ఎవరికి ఎంత చేరిందో ఏటా శాసనసభ ముందు పెట్టాలి. ఆదిలాబాద్, కరీంనగర్ ఎమ్మెల్యేలు వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ముందు అడగాల్సింది ఆ లెక్కే.