రెండు పెట్టెలు, ఒక తగవు



కొద్ది నెలల క్రితం ఒక ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు మళ్లుతున్నారు. కౌలుకు మిరప తోట వేసుకునే ఒక సహోదరుడు నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "అయ్యగారూ, ప్లేస్టేషన్ మంచిదా, ఎక్స్‌బాక్స్ మంచిదా?" అని అడిగాడు. నేను నవ్వబోయి ఆగాను. ఆయన ముఖంలో నవ్వు లేదు.

సంగతి ఇది. ఆయన కొడుకు దగ్గర పట్నంలో ఎవరో వాడి అమ్మిన పాత ప్లేస్టేషన్ ఉంది. ఆయన అన్నగారి కొడుకు దగ్గర, మేనమామ గల్ఫ్ నుండి తెచ్చిన ఎక్స్‌బాక్స్ ఉంది. తెలియని పెద్దల కోసం చెబుతున్నాను: రెండూ టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే పెట్టెలే. ఒకే కంచంలో తిని పెరిగిన ఆ ఇద్దరు పిల్లలు, ఏది గొప్పదని మొదట సరదాగానే వాదించుకున్నారు. తరువాత "మీది పాత సామాను" అని ఒకడన్నాడు. "మీది ఎవరో దయతలచి ఇచ్చింది" అని రెండోవాడన్నాడు. ఆ మాటలు ఇళ్లలోకి వెళ్లాయి. తోడికోడళ్లు పలకరించుకోవడం మానేశారు.

"పంట మీద అప్పు తెచ్చి కొత్త పెట్టె కొనిచ్చేస్తే మావాడు తలెత్తుకు తిరుగుతాడు. గొడవ తీరిపోతుంది. ఏది కొనాలో మీరు చెప్పండి" అన్నాడు ఆ తండ్రి.

నాకు ఆ ఆటలు రావు. వారం రోజులు గడువు అడిగాను. మన యౌవనస్థులను అడిగాను, కొంత చదివాను. చదివేకొద్దీ నాకు తెలిసిందేమంటే, ఈ తగవు మన ఊళ్లో పుట్టింది కాదు. దీనికి ముప్పై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

జపాన్‌లోని క్యోటో నగరంలో 1889లో పేకముక్కలు తయారుచేసే సంస్థగా మొదలైనది నింటెండో. అది 1983లో జపాన్‌లోనూ, 1985 నుండి అమెరికాలోనూ తన ఆటల పెట్టెను అమ్మి పిల్లలందరికీ పరిచయమైంది. మారియో అనే మీసాల బొమ్మ దానిదే. జపాన్‌కే చెందిన సెగా అనే మరో సంస్థ 1989లో జెనెసిస్ అనే పెట్టెతో అమెరికా బజారులో దిగింది. 1991లో సోనిక్ అనే నీలిరంగు ముళ్లపంది బొమ్మను తెచ్చింది. అదే సంవత్సరం నింటెండో తన కొత్త పెట్టె సూపర్ నింటెండోను అక్కడ విడుదల చేసింది. ఇక బడి ఆవరణల్లో పిల్లలు రెండు పక్షాలయ్యారు. నీది నింటెండోనా, సెగానా? అదే ప్రశ్న.

మరి ఆ వాదనలో ఎవరిది సత్యం? ఇద్దరిదీ! సెగా పెట్టెలోని ముఖ్యమైన చిప్పు వేగంగా పనిచేసేది. దాని వేగం ఏడున్నర మెగాహెర్ట్జ్ పైన ఉంటే, నింటెండోది మూడున్నర మాత్రమే. అయితే సూపర్ నింటెండో సాధారణంగా తెరమీద ఒకేసారి 256 రంగులు చూపగలిగేది. సెగా చూపేది 64. ఒకటి పరుగులో మిన్న, రెండోది రంగుల్లో మిన్న. వేగం పిల్లవాడు వేగాన్ని చూపించి గెలిచేవాడు, రంగుల పిల్లవాడు రంగులను చూపించి గెలిచేవాడు. ఎవడి కొలబద్ద వాడిదైనప్పుడు ఆ వాదన తెగేదెలా? వాదన తెగకుండా ఉండడమే కంపెనీలకు కావలసింది. సెగా తన ప్రకటనల్లో నింటెండోను పేరుపెట్టి ఎగతాళి చేసేది. ఆ మాటలే పిల్లల నోట వినబడేవి.

1993లో జరిగిన ఒక సంగతి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. ఆ ఏడాది మోర్టల్ కోంబాట్ అనే కొట్లాట ఆట రెండు పెట్టెలకూ వచ్చింది. నింటెండో తన దానిలో రక్తం కనబడకుండా, చెమటలా కనిపించేటట్టు మార్పించింది. సెగా దానిలో మాత్రం ఒక రహస్య మీటల వరుస నొక్కితే రక్తం కనబడేది. ఏది ఎక్కువ అమ్ముడుపోయింది? సెగాదే. అదే సంవత్సరం డిసెంబరులో అమెరికా సెనేట్ ఈ ఆటలలోని హింస గురించి విచారణ జరిపింది. అక్కడ రెండు కంపెనీల ప్రతినిధులూ ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. మరుసటి ఏడాది అదే ఆట రెండో భాగం వచ్చినప్పుడు నింటెండో కూడా రక్తాన్ని ఉంచేసింది. పోటీ ఎటు లాగితే కంపెనీ అటు నడిచింది.

ఆ విచారణ వల్ల ఒక మేలు జరిగింది. 1994లో అమెరికాలో ఆటల డబ్బాల మీద వయస్సు గుర్తు వేసే సంస్థ ఏర్పడింది. ఆ గుర్తులు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఇప్పటి లెక్కలో 'ఇ' అంటే అందరికీ, 'టి' అంటే 13 ఏళ్లు దాటినవారికి, 'ఎం' అంటే 17 దాటినవారికి. ఐరోపా వారు 2003 నుండి 3, 7, 12, 16, 18 అనే అంకెలు వేస్తున్నారు. తల్లులారా, ఇంగ్లీషు రాకపోయినా అంకె చదవగలరు. పిల్లవాడు తెచ్చిన డబ్బా తిప్పి చూడండి. 11 ఏళ్ల బిడ్డ చేతిలో 18 అంకె ఉంటే, అది ఏ కంపెనీ పెట్టె అన్నది తరువాతి మాట.

ఇక ఆ పోరు ఎలా ముగిసిందో వినండి. ఇద్దరూ కొట్లాడుకుంటుండగా మూడోవాడు వచ్చాడు. సోనీ సంస్థ మొదట నింటెండోతో కలిసి సీడీతో నడిచే పెట్టె చేయాలనుకుంది. 1991లో సోనీ ఆ సంగతి ప్రకటించిన మరునాడే, నింటెండో తాను ఫిలిప్స్ సంస్థతో కలుస్తున్నానని ప్రకటించింది. అలా అవమానపడిన సోనీ సొంతంగా ప్లేస్టేషన్‌ను 1994 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసింది. మరుసటి ఏడాది అమెరికాలో సెగా తన సాటర్న్ పెట్టెను 399 డాలర్లకు అమ్ముతుంటే, సోనీ 299కే ఇచ్చింది. ప్లేస్టేషన్ చివరకు 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. సెగా 2001లో పెట్టెల తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించి, ఇతరుల పెట్టెలకు ఆటలు చేసుకునే సంస్థగా మిగిలింది. ఆ సంవత్సరమే సోనిక్ బొమ్మ నింటెండో పెట్టె మీదకు వచ్చింది. 2007లో మారియో, సోనిక్ కలిసి ఒలింపిక్ పోటీలాడే ఆట కూడా విడుదలైంది.

బిడ్డలారా, ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. ఏ బొమ్మల కోసం పిల్లలు బడిలో మాటలు మానుకున్నారో, ఆ బొమ్మలే ఒకే డబ్బా మీద పక్కపక్కన నిలబడ్డాయి. కంపెనీలకు లాభం కనబడగానే రాజీ కుదిరింది. తెగిన స్నేహాలను ఏ కంపెనీ వచ్చి అతికించింది?

నేడు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ కథ కూడా అదే దారిలో ఉంది. ఎక్స్‌బాక్స్‌ను 2001లో తెచ్చినది మైక్రోసాఫ్ట్. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో ఆ సంస్థకు అధిపతి అయ్యారు గనుక "అది మనది" అని వాదించే పిల్లలు కూడా మన మధ్య ఉన్నారు! ఆ మైక్రోసాఫ్టే 2024లో, అంతవరకు ప్లేస్టేషన్‌కు ఇవ్వని తన ఆటలలో కొన్నింటిని దానికి కూడా ఇచ్చింది. అంతేకాదు, పెట్టెల అమ్మకం మీద తమకు లాభం లేదని ఆ సంస్థ ప్రతినిధి 2021లో అమెరికా కోర్టులో చెప్పారు. మరి లాభం ఎక్కడ? తరువాత కొనే ఆటల్లో, కట్టే చందాల్లో. పెట్టె వల వంటిది. అందుకే "మాది గొప్పది" అని మన బిడ్డలు ఊరంతా చాటుతుంటే వాళ్లకు అంత సంతోషం.

మరొక సంగతి గమనించాను. రెండూ కొనగలిగినవాడు సాధారణంగా వాదించడు. ఒకటే కొనగలిగినవాడు వాదిస్తాడు. ఎందుకంటే వాడి ఇంట్లో ఆ డబ్బు కష్టపడి తెచ్చింది. తాను ఎంచుకున్నది తప్పని తేలితే తండ్రి కష్టం వృథా అయినట్టు వాడికి తోస్తుంది. "పాత సామాను" అన్న మాట ఆ పిల్లవాడికి అందుకే గుచ్చుకుంది. అది పెట్టెకు తగిలిన మాట కాదు, నాన్నకు తగిలిన మాట.

వారం తరువాత ఆ సహోదరుడు వచ్చినప్పుడు ముందు లెక్క వేసి చూపించాను. ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021లో వచ్చినప్పుడు డిస్కు పెట్టుకునే రకం ధర 49,990 రూపాయలు. దాని కొత్త పెద్ద ఆటలు ఒక్కొక్కటి 5,000 వరకు పలికాయి. ఐదు ఆటలు కొంటే మరో 25,000. డిస్కు లేని రకం చవకే గాని, దానికి ఆటలన్నీ ఇంటర్నెట్ ద్వారా దించుకోవాలి. ఆడిన ఆటను మరొకరికి అమ్ముకోవడానికి కూడా ఉండదు. మన ఊరి సిగ్నలుకు పెద్ద ఆట ఒకటి దిగాలంటే రాత్రంతా చాలదు.

"అయితే ఏది మంచిది అయ్యగారూ?" అన్నాడాయన.

"కొనేవారికి నేను చెప్పేది ఇంతే. మీ బిడ్డ ఆడదగిన ఆటలు దేనికి ఉన్నాయో చూడండి, ఆటల ధర చూడండి, పాడైతే బాగుచేసేవారు దగ్గరలో ఉన్నారో లేదో చూడండి, తోటి పిల్లల దగ్గర ఏది ఉందో చూడండి. కానీ మీకు రెండో పెట్టె అక్కరలేదు. అది మీ అన్నగారింట్లో ఉంది" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ముందు నేను వెళ్లాలి గదా" అన్నాడు.

వెళ్లాడు. పిల్లలకంటే ముందు పెద్దలు మాట్లాడుకున్నారు. "పాత సామాను" అన్న పిల్లవాడు చిన్నాన్న దగ్గరకు వచ్చి, తలవంచుకుని క్షమించమన్నాడు. రెండోవాడికి ఇంకా రెండు వారాలు పట్టింది. ఒక సాయంత్రం తన ప్లేస్టేషన్‌ను బట్టసంచిలో పెట్టుకుని పెదనాన్నగారింటికి నడిచాడు. ఆ టీవీ వెనుక రెండు పెట్టెలు తగిలించడానికి చోటు ఉందట. ఒక పూట ఇది, ఒక పూట అది ఆడుకుంటున్నారు. ఏది గొప్పదని ఇప్పటికీ వాదించుకుంటున్నారని విన్నాను. వాదించుకోనివ్వండి. ఒకే మంచం మీద కూర్చుని వాదించుకుంటున్నారు, అది చాలు.

మిరప పంట మీద అప్పు పడలేదు.

తల్లిదండ్రులారా, మీ ఇంట్లో కూడా ఇటువంటి తగవు ఉండవచ్చు. పెట్టె కాకపోతే ఫోను, ఫోను కాకపోతే బండి. కొనడానికి ముందు మీ బిడ్డను ఒక్క మాట అడగండి: "ఎవరు ఏమన్నారు నాన్నా?" వాడు చెప్పే జవాబు విన్న తరువాతే అంగడికి వెళ్లండి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.