జెండా కథను కుదించి చెప్పొద్దు

ఆగస్టు వస్తోందంటే ప్రాథమిక పాఠశాలల్లో రంగు కాగితాల తోరణాలు కట్టడం, పిల్లల చేత జెండా బొమ్మలకు రంగులు వేయించడం మొదలవుతాయి. పైన కాషాయం, మధ్యన తెలుపు, కింద ఆకుపచ్చ, నడుమ ఇరవై నాలుగు ఆకుల నీలి చక్రం. జెండాను రూపొందించింది ఎవరని టీచరు అడగ్గానే తరగతి అంతా ఒక్క గొంతుతో పింగళి వెంకయ్య అంటుంది. తెలుగు పిల్లలకు ఆ పేరు నోటికి రావడం సంతోషించదగ్గ విషయమే. బాధల్లా పాఠం అక్కడితో ముగిసిపోవడమే. పసిపిల్లల కోసం వచ్చే చాలా బొమ్మల పుస్తకాలు కూడా ఒక పేరు, మూడు రంగులు, వాటి అర్థాలు చెప్పి ఊరుకుంటున్నాయి. జెండా ఒక్కరోజులో, ఒక్క చేతిలో పుట్టినట్టు పిల్లలు అనుకుంటున్నారు.

రెండో తరగతి పిల్లలకు చరిత్ర ఏం అర్థమవుతుందని అడిగేవాళ్ళున్నారు. తేదీలు అర్థం కావు, నిజమే. మార్పు మాత్రం ఇట్టే అర్థమవుతుంది. గీసిన బొమ్మ నచ్చక చెరిపి మళ్ళీ గీయడం వాళ్ళకు రోజూ ఉన్న పనే. మన జెండా కూడా అలాగే ఎన్నోసార్లు మారుతూ వచ్చింది. 1907లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో మేడమ్ కామా ఎగరేసిన జెండా మీద తామరపూలు, సూర్యుడు, నెలవంక ఉన్నాయి. 1917లో అనిబిసెంట్, తిలక్‌ల హోమ్‌రూల్ ఉద్యమ జెండాలో ఎరుపు, ఆకుపచ్చ చారలతో పాటు ఒక మూలన బ్రిటిష్ జెండా కూడా ఉంది. పేజీకో జెండా చొప్పున వరసగా చూపిస్తే చాలు, ‘ఈ మూల బొమ్మ ఎందుకు పోయింది?’ అని పిల్లలే అడుగుతారు. బొమ్మల పుస్తకం చేయాల్సిన పని సరిగ్గా అదే.

ఇక బెజవాడ ఘట్టం కథకులకు దొరికిన వరం. బందరు జాతీయ కళాశాలలో పనిచేస్తున్న వెంకయ్య దేశదేశాల జెండాలను పరిశీలించి, మనకూ ఒక జెండా ఉండాలంటూ పలు నమూనాలతో 1916లోనే పుస్తకం వేశారు. కాంగ్రెస్ మహాసభలకు వెళ్ళి అదే మాట పట్టుబట్టి చెబుతూ వచ్చారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు, జెండాలో రాట్నం ఉండాలని జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ సూచించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో నమూనా గీసివ్వమని గాంధీజీ వెంకయ్యను అడిగారు. మూడు గంటల్లో గీసిచ్చారని గాంధీజీయే ఆ తరవాత ‘యంగ్ ఇండియా’లో రాశారు. అయినా కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. అదీ మంచిదే అయిందన్నారు గాంధీజీ. ఆ వ్యవధిలో ఆలోచించుకుంటే, రెండు రంగులు రెండు మతాలకే గుర్తులైతే మిగతావాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న వచ్చింది. తెల్ల రంగు అలా చేరింది.

ఈ ఘట్టాన్ని నాలుగు పేజీల్లో బొమ్మలు వేసి చెప్పవచ్చు. మొదటి పేజీలో బల్ల మీద వంగి గీస్తున్న వెంకయ్య, రెండో పేజీలో ముగిసిపోతున్న సభ, మూడో పేజీలో ఆలోచనలో పడ్డ గాంధీజీ, నాలుగో పేజీ తిప్పగానే మూడు రంగులు. ఎవరినీ వదిలిపెట్టకూడదన్న మాట ఐదేళ్ళ పిల్లకు ఇంతకన్నా బాగా చెప్పే పాఠం వెతికినా దొరకదు.

కథ అక్కడా ఆగలేదు. రంగులకు మతాల అర్థం ఉండడం చాలామందికి నచ్చలేదు. 1931లో ఏడుగురితో సంఘం వేశారు. దానికి కన్వీనరు పట్టాభి సీతారామయ్య. జెండా అంతా కాషాయమే ఉండి, దాని మీద రాట్నం ఉంటే చాలని ఆ సంఘం అంది. కాంగ్రెస్ కమిటీ ఒప్పుకోలేదు. ఎరుపు బదులు కాషాయం తీసుకుని, తెలుపు, ఆకుపచ్చలను ఉంచి, ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని తేల్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ తీర్మానం పెట్టేనాటికి రాట్నం పోయి సారనాథ్ అశోక చక్రం వచ్చింది. జెండా రెండు వైపులా ఒకేలా కనిపించాలి, రాట్నమైతే రెండో వైపు తిరగబడుతుందని ఆయన కారణం చెప్పారు. పలచటి కాగితం మీద రాట్నం గీసి, వెనక్కి తిప్పి వెలుతురులో పట్టి చూడమంటే పిల్లలు నెహ్రూ చెప్పిన కారణాన్ని తమ కళ్ళతోనే పట్టుకుంటారు.

కొందరికి ఒక సందేహం. ఇంతమంది పేర్లు చెబితే వెంకయ్యగారి గొప్ప తగ్గదా? తగ్గదు. ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఏళ్ళ తరబడి ఒకే మాట పట్టుకుని తిరిగిన మనిషి ఆయన. ఆ పట్టుదలను చూపిస్తేనే ఆయన పిల్లలకు దగ్గరవుతారు. ఒక వాక్యంలో బిగించిన పేరు పరీక్షలో మార్కు తెచ్చిపెడుతుంది, మనసులో నిలవదు.

మన రచయితలకు, చిత్రకారులకు, ప్రచురణకర్తలకు మా మనవి ఇది. చివరి జెండా ఒక్కటే వేసి సరిపెట్టకండి, మారిన రూపాలన్నీ వేయండి. పెద్దవాళ్ళు వాదించుకున్నారని, ఒకరి మాట ఒకరు కాదన్నారని దాచకుండా చెప్పండి. 1923లో నాగపూర్‌లో అప్పటి రాట్నం జెండా పట్టుకుని నడిచినందుకే జనం జైళ్ళకు వెళ్ళారని చెప్పండి. హుబ్బళ్ళి దగ్గర బెంగేరిలో ఖద్దరు జెండాలు కుట్టే ఆడవాళ్ళకు ఒక పేజీ ఇవ్వండి. జెండా నియమావళి ప్రకారం 6300 మిల్లీమీటర్ల పొడవున్న జెండా నుంచి 150 మిల్లీమీటర్ల జెండా దాకా తొమ్మిది కొలతలున్నాయి. ఆ చిట్టి జెండాను అసలు కొలతలోనే పేజీ మీద అచ్చు వేస్తే పిల్లలు చేత్తో కొలుచుకుని చూస్తారు. రంగులు సరిగ్గా రావాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, ధర బడి లైబ్రరీకి అందేలా ఉండాలి.

టీచర్లకు, అమ్మానాన్నలకు చెప్పేదీ ఒకటుంది. పుస్తకం చదివి వినిపించాక ‘నువ్వైతే ఏం మార్చేవాడివి, ఎందుకు?’ అని అడగండి. ఏం చెప్పినా తప్పనకండి. జెండాకు నిలబడి వందనం చేయడం పిల్లలు ఎలాగూ నేర్చుకుంటారు. ఆ జెండా నలుగురూ కూర్చుని, ఒకరి మాట ఒకరు విని, దిద్దుకుంటూ కుదుర్చుకున్నదని తెలిసిన పిల్లలు రేపు దేశం గురించి కూడా అలాగే కూర్చుని మాట్లాడుకోగలుగుతారు. ఆ అలవాటు పసితనంలోనే పడాలి. అందుకు తగిన పుస్తకాలు తెలుగులో రావాలి.